ఒకే పేరు, రెండు చిరునామాలు

హాజరుపట్టీ విప్పి పేర్లు పిలుచునపుడు, క్రొత్తగా చేరిన పిల్లలు కొందరు తమ పేరు తామే గుర్తింపక మౌనముగా కూర్చుండుట మేము ఏటేట చూచుచున్న సంగతి. ఇంట 'చిట్టి' అనియో 'పెద్దోడు' అనియో పిలువబడు బిడ్డకు పట్టీలోని పేరు పరాయిది. ఆ పేరు చెప్పుకొని వారి యింటికి పోయినచో అవ్వ గడపలో నిలిచి, "అట్లాటోళ్ళు మా ఇంట్లో ఎవురూ లేరు సామీ" అనును. ఇంతలో ఆ బిడ్డయే ఆమె వెనుకనుండి తొంగి చూచును. బిడ్డ యొక్కటియే, పిలుచువాడు ఇంటివాడా, వెలుపలివాడా అనుదానినిబట్టి పేరు మారినది.

మన యూరి సంగతియు నట్టిదే. నోటితో మనము తెలుగున 'క్యాతగానచెర్లు' అందుము. గోడలమీది పలకలలో అది కన్నడాక్షరములలో నుండును. తుదినున్న 'చెర్లు' అనునది చెరువునుండి వచ్చినదని మా యూహ. పొరుగున రాయచెర్లు కూడ కలదు గదా. పావగడ తాలూకా కర్ణాటకములోనిదైనను దాని పొలిమేరలో హెచ్చుభాగము ఆంధ్రదేశమును తాకుచున్నది. కావున ఇచట మాట ఒక భాష, కాగితము మఱియొక భాష. మేము అనంతపురములో తెలుగు పండిత శిక్షణ పొంది వచ్చినవారము. మా పేరు పట్టాలో తెలుగున నొక విధముగను, జీతపు బిల్లులో కన్నడమున మఱియొక విధముగను ఉన్నది. రెండును మేమే యని ఋజువు చేయుటకు ఒకమారు చాల తిరుగవలసి వచ్చెను. ఇంతయేల? మన పొలములను కూడ కలుపుకొని ఐదు గ్రామములలో, సుమారు 13,000 ఎకరములలో వెలసిన 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రమునకు 2018లో ప్రారంభోత్సవము జరిగినపుడు ఇడిన పేరు 'శక్తిస్థల'. లోకమునకు అది 'పావగడ సోలార్ పార్కు'. మనకు ఉత్త 'సోలారు'.

మేము చెప్పబోవునది దీనికి తలక్రిందులైన కథ. అందు పేరు ఒక్కటియే. అడుగువాడు లోపలివాడైనచో ఒక జవాబు, వెలుపలివాడైనచో మఱియొక జవాబు రావలెను. తెలుగు పండితునకు కంప్యూటరు సంగతు లేల యని కొందరు నవ్వవచ్చును. ఆ పని మాకు ఎవరును అప్పగింపలేదు, మేమే తలకెత్తుకొంటిమి.

2020 మార్చిలో బడులు మూతపడినపుడు పిల్లలు ఊళ్ళకు చెదరిరి. కొందరు తల్లిదండ్రులతో బెంగుళూరునకు పోయి అచటనే చిక్కుకొనిరి. వారికి చదువుకొనుటకు ఏదైన పంపవలెనన్న తలపుతో, మన బడి పత్రికల పాత చేతివ్రాత ప్రతులను ఫోటోలు తీసి, పాఠములను టైపు చేయించి, బడిలోని యొక కంప్యూటరులో పెట్టితిమి. బెంగుళూరులో కంప్యూటరు పనిలో నున్న మా పూర్వ విద్యార్థి యొకడు, "సార్, మీ కంప్యూటరే సర్వరు, దానికి ఒక డొమైన్ పేరు కొనండి, ఎక్కడనుంచైనా చూడొచ్చు" అనెను. ఏటికి కొన్ని వందల రూపాయలు చెల్లించి 'ఇన్' అను కొస గల పేరొకటి కొంటిమి. ఆ కొస మన దేశమునకు 1989లో కేటాయింపబడినది. 2005 నుండి అందరికిని సులభముగ దొరకుచున్నది.

తెలుగు లిపిలో 'భారత్' అను కొస గల పేరు కొనవలెనని మాకు మిక్కిలి ఆశగా నుండెను. 2011లో ఆ కొసకు తెలుగున స్థానము లభించినది. కన్నడమునకు పిమ్మట వచ్చినది. అయితే యంత్రములు ఆ తెలుగు అక్షరములను నేరుగా మోసికొనిపోవు. వానిని 'ఎక్స్, ఎన్' అను అక్షరములతోను రెండు అడ్డగీతలతోను మొదలగు ఆంగ్లాక్షరముల పోగుగా మార్చి పంపును. ఇంకొక చిక్కు. తెలుగు 'అ'కును కన్నడ 'అ'కును రూపమున భేదము లేదనవచ్చును. యంత్రము లెక్కలో మొదటిది 3077, రెండవది 3205. మన పిల్లలు కన్నడపు మీటలతో టైపు చేసి, "పేరు సరిగానే కొట్టినాము సార్, రాలేదు" అందురేమో యని భయపడి ఆ యాశ విడిచితిమి. ఇప్పటికిని మనసులో కొంచెము వెలితి యున్నది.

పేరు, సంఖ్యల సంబంధము చెప్పక కథ సాగదు. కంప్యూటర్లకు పేర్లు పట్టవు; ఒక్కొక్క యంత్రమునకు ఒక్కొక్క సంఖ్య యుండును. మనకు సంఖ్యలు గుర్తుండవు. తొలినాళ్ళలో అమెరికాలోని యంత్రముల పేర్లును సంఖ్యలును అన్నియు కలిపి ఒకే పట్టీగా నుండెడివి. కాలిఫోర్నియాలో ఎలిజబెత్ ఫీన్లర్ అను నామె బృందము దానిని కాపాడుచుండెను. క్రొత్త యంత్రము పెట్టినవారు ఆ కచేరీకి తెలుపుకొనవలెను, తక్కినవారు ఆ పట్టీని నకలు తెచ్చుకొనవలెను. యంత్రములు పెరిగిన కొలది ఆ పద్ధతి కుదరకపోయెను. 1983లో పాల్ మొకపెట్రిస్ అను నతడు పట్టీని ముక్కలు చేసి, ఎవరి పేర్ల పుస్తకమును వారే వ్రాసికొను ఏర్పాటు కల్పించెను. దానినే డి.ఎన్.ఎస్. అందురు. మా పేరు కొన్ననాటినుండి ఆ పేరుక్రింది పుస్తకమునకు మేమే కరణములమైతిమి.

సంఖ్యలును తరిగిపోవుచుండెను. పాతపద్ధతి సంఖ్యలు మొత్తము సుమారు 429 కోట్లు మాత్రమే. అందుచే 1994లో కొన్నిటిని ఇండ్లలోను కచేరీలలోను లోపల వాడుకొనుటకని విడిచిపెట్టిరి: 10తో మొదలగునవి, 172.16 మొదలు 172.31 వరకు గలవి, 192.168తో మొదలగునవి. ఇవి మన యిండ్లలోని చిట్టి, పెద్దోడు వంటివి. ప్రతి యింటను ఉండవచ్చును, వీధిలో చెల్లవు. మా సర్వరు సంఖ్య 192.168.1.20, ఈ క్షణమున ఇదే సంఖ్యతో లోకమున లెక్కలేనన్ని యంత్రములు నడచుచుండును. వీధిలో చెల్లు సంఖ్య బడి యంతటికిని ఒక్కటియే. అది రౌటరునది. తరచు మారకుండ దానిని స్థిరముగ నుంచుటకు వేరుగా రుసుము చెల్లించితిమి. వెలుపలినుండి వచ్చినవారిని రౌటరు లోపలి సర్వరునకు అప్పగించును. ఇట్లు పత్రిక బెంగుళూరులో తెరచుకొనెను, హిందూపురములో తెరచుకొనెను, దుబాయిలో నున్న మన యూరివాడొకడు కూడ చదివి ఫోను చేసెను.

బడులు మరల తెరచిరి. పిల్లలు ప్రయోగశాలలోని ఆరు యంత్రములముందు కూర్చుండి అదే పేరు కొట్టిరి. పుట తెరచుకొనలేదు! దుబాయిలో కనబడు పత్రిక, అది యున్న గదిలోనే, మూడు గజముల దూరమున కనబడకుండెను. కథ వ్రాసిన పిల్ల తన కథ తాను చూడజాలక మా ముఖము చూచెను. మేము తీగలు ఊడబెరికి మఱల పెట్టితిమి, రౌటరును ఆర్పి వెలిగించితిమి. ఫలము లేదు.

పూర్వ విద్యార్థి ఫోనులో విడమరచి చెప్పగా మాకు తెలిసినది ఇది. పిల్లవాని యంత్రము సంఖ్య 31. అది పేరునకు సంఖ్య యడుగగా లోకమునకెల్ల ఒకటే జవాబు గనుక బడి వెలుపలి సంఖ్య వచ్చెను. యంత్రము ఆ సంఖ్యకు ఉత్తరము వ్రాసెను. రౌటరు దానిని అందుకొని, 'ఇది మన సర్వరునకే గదా' యని చిరునామా దిద్ది 20వ సంఖ్యకు అందించెను. పంపినవాడు ప్రక్కబల్లమీది 31 అని సర్వరు చూచినది. రౌటరుదాక మఱల పోనేల యని జవాబును నేరుగా అతని చేతిలో పెట్టినది. 31 ఏమనెను? 'నేను వ్రాసినది వెలుపలి సంఖ్యకు. జవాబిచ్చుచున్నది 20. నీ వెవడవు?' అని పారవైచెను. ఇందు ఎవరి తప్పును లేదు. పంపినవాని చిరునామాను కూడ దిద్ది యీ చుట్టుదారిని సరిచేయు రౌటర్లు కొన్ని కలవు. మాది ఆ జాతిది కాదు.

పేరు మాని లోపలివారు సంఖ్యనే కొట్టవచ్చును గదా యని మా సహోపాధ్యాయు లనిరి. మేమును ఒక వారము అట్లే చేయించితిమి. కాని సర్వరు చూపు గుర్తింపుపత్రము పేరుమీద నున్నది, సంఖ్యమీద కాదు. కావున సంఖ్య కొట్టినపుడెల్ల బ్రౌజరు 'ఇది నమ్మదగినది కాదు' అని ఎఱ్ఱని హెచ్చరిక చూపును. హెచ్చరికను లెక్కచేయక ముందునకు పొమ్మని పిల్లలకు చెప్పుట ఉపాధ్యాయులు నేర్పదగిన పని కాదు. రేపు బ్యాంకు పుటలో అదే హెచ్చరిక వచ్చినపుడును వారు అట్లే దాటుదురు. మఱియు పిల్ల బడిలో నేర్చిన పేరే ఇంట తండ్రి ఫోనులోను పనిచేయవలెను. అందుకే గదా పత్రిక అట్టమీద ఆ పేరు అచ్చువేసితిమి!

విరుగుడు రెండు పుస్తకములు. వెలుపలి పుస్తకము పేరు కొన్నచోటనే యుండును. దానిలో పేరునకెదుట వెలుపలి సంఖ్య. లోపలి పుస్తకము బడిలోని యొక పాత కంప్యూటరులో నుండును. దానిలో అదే పేరునకెదుట 192.168.1.20. బడిలోని యంత్రములన్నియు ముందుగా లోపలి పుస్తకమునే అడుగవలె ననియు, అందు లేని పేర్లను మాత్రము అది వెలుపల అడిగి తెచ్చిపెట్టవలె ననియు ఏర్పాటు. పెద్ద సంస్థలు 'బైండ్' అను సాఫ్ట్‌వేరుతో ఈ పని చేయును. మా వంటి చిన్నవారికి 'డి.ఎన్.ఎస్.మాస్క్' అనునది చాలును. సైమన్ కెల్లీ అను నతడు దానిని వ్రాసి ఉచితముగ నిచ్చినాడు. ఒక్క వరుస వ్రాసితిమి. కథ వ్రాసిన పిల్ల తన కథ చూచుకొనెను.

ఆరింటిలో ఐదు యంత్రములే దారికి వచ్చెను. ఆరవది మొండికెత్తెను. అందలి బ్రౌజరు మన పుస్తకమును అడుగుట మాని, రహస్యముగ నేరుగా దూరదేశపు పేర్ల పుస్తకము నొకదానిని అడుగుచున్నదని పట్టుకొనుటకు మాకు రెండు శనివారములు పట్టెను. ఇతరులు తొంగిచూడకుండ మంచికి కల్పించిన సదుపాయమే అది. కాని ఇంటి సంగతి ఇంటివారిని అడుగక పొరుగూరివారిని అడుగు అల్లునివలె నుండెను దాని నడత. ఆ యేర్పాటును ఆ యొక్క యంత్రములో తీసివేసితిమి.

ఇంతవరకు చెప్పినది సామర్థ్యము. ఇకమీదిది మా తప్పు.

పత్రిక పేరు ముందు చిన్న పేర్లు చేర్చి గ్రంథాలయమునకు ఒకటి, ఆటలకు ఒకటి, ఇట్లు వేర్వేరు పుటలు కల్పించుచుంటిమి. ప్రతి చిన్న పేరును రెండు పుస్తకములలోను వ్రాయవలెను. లోపలి పుస్తకములో మాత్రము 'మార్కులు' అను పేరు కూడ నుండెను. పరీక్షల మార్కుల పట్టీని ఉపాధ్యాయులు బడిలో కూర్చుండి నింపుకొనుటకు అది. వెలుపలి పుస్తకములో దానిని వ్రాయలేదు గనుక అది వెలుపలికి కనబడదని మా ధైర్యము. తాళ మేమియు వేయలేదు.

ఒకనాడు క్రొత్త పేరు చేర్చుటకు విసుగు వచ్చి, వెలుపలి పుస్తకములో ఒక నక్షత్రపు గుర్తు పెట్టితిమి. ఆ గుర్తు పెట్టినచో ముందు ఏ చిన్న పేరు వచ్చినను ఒకే సంఖ్య జవాబుగా పోవును; ఇక ఒక్కొక్కటి వ్రాయనక్కరలేదు. మేలైన ఉపాయమని మురిసితిమి. 'మార్కులు'ను 'పత్రిక'ను ఆ సర్వరులోనే యున్నవనియు, వచ్చినవాడు ఏ పేరు చెప్పిన ఆ పుట తీసి యిచ్చుటయే సర్వరు పని యనియు మాకు తోచలేదు.

మూడవనాటి సాయంకాలము ఫోను మ్రోగెను. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె అన్న, బెంగుళూరులో పని చేయువాడు. "సారూ, మా పాప లెక్కల మార్కులు ఈడ నా ఫోన్లో కనబడతా ఉండాయి. అది ఇంట్లో పాసైనానని చెప్పిందే?" అనెను. చెల్లెలు ఎప్పుడో మాటలలో చెప్పిన లోపలి పేరును అతడు ఊరక కొట్టి చూచెనట. ఆ పిల్ల ఒక్కతె మార్కులే కాదు, ఆ తరగతివారి మార్కులన్నియు వీధిన పడియున్నవి. పరుగున బడికి పోయి సర్వరు తీగను ఊడబెరికితిమి. తరువాతనే ఊపిరి తీసికొంటిమి.

మరునాడు ఆ బాలిక బడికి రాలేదు. ఆ మరునాడు వచ్చెను. ఆమె ముందు మేము తప్పు ఒప్పుకొంటిమి, తరగతిలోను ఒప్పుకొంటిమి. అబద్ధమాడినందులకు ఆమెను మందలింపవలసినది ఇంటివారు. ఆమె మార్కును ఆమె చెప్పకమునుపే లోకమునకు చెప్పినది మేము. ఈ రెండును ఒక తక్కెడలో తూగునవి కావు. ఆమె తల వంచుకొని, "పర్వాలేదు సార్" అనెను. ఆ 'పర్వాలేదు' అను మాట మాకు ఇప్పటికిని చెవిలో నున్నది.

పేరు దాచుట తాళము వేయుట కాదని ఆనాడు మాకు తెలిసెను. నక్షత్రమును చెఱిపివేసితిమి, చిన్న పేర్లను ఓపికగా ఒక్కొక్కటిగ వ్రాసితిమి. మార్కుల పట్టీని వేఱొక యంత్రమునకు మార్చితిమి. రౌటరు వెలుపలివారి నెవ్వరిని దానియొద్దకు పోనీయదు. లోపలివారికిని సంకేతపదము కావలెను. పేరును కూడ మార్చితిమి. లోపలి పనులకు మాత్రమే వాడుకొనుటకని 'ఇంటర్నల్' అను కొసను, లోకపు పేర్ల పెద్దపుస్తకములో ఎన్నడును ఎక్కింపబోమని, ఐకాన్ సంస్థ 2024 జులైలో నిర్ణయించినది. మార్కుల యంత్రము ఇప్పుడు ఆ కొస గల పేరుతో నున్నది. ఆ పేరు వెలుపల ఎవరు కొట్టినను అట్టిది లేదను జవాబే వచ్చును. 'లోకల్' అను కొసను వాడుదమని మొదట అనుకొంటిమి. అది 2013 నుండి వేఱొక పనికి, అనగా ఒకే యింటిలోని యంత్రములు పుస్తకమే లేక ఒకదానినొకటి కేకవేసి పిలుచుకొనుటకు, కేటాయింపబడినదని తెలిసి మానితిమి.

మఱియొక చిక్కు మఱుసటి యేట వచ్చెను. రౌటరు చెడి క్రొత్తది తెచ్చినపుడు వెలుపలి సంఖ్య మారెను. వెలుపలి పుస్తకములో వెంటనే దిద్దితిమి. అయినను ఒక దినమెల్ల బెంగుళూరువారు పాత సంఖ్యకే పోవుచుండిరి. ప్రతి జవాబునకును ఆయుర్దాయ ముండును; మేము 86,400 సెకండ్లని వ్రాసియుంటిమి, అనగా ఒక దినము. ఆ దినము గడచువఱకు అడిగినవారు తమయొద్ద దాచుకొన్న పాత జవాబునే నమ్ముదురు. ఇపుడు మార్పు చేయదలచినచో రెండు దినములు ముందుగనే దానిని 300కు తగ్గించి, మార్పు కుదిరినపిమ్మట మఱల పెంచుచున్నాము.

అన్నిటికంటె చిన్న పొరపాటు అన్నిటికంటె పెద్ద ముప్పు తెచ్చుచుండెను. పేరు కొన్నది మా సొంత మెయిలుమీద, మా సొంత ఫోనుమీద. గడువు తీరుచున్నదను హెచ్చరికలు మేము చదువని మెయిలులో పడి యుండెను. ఒక ఉదయము బెంగుళూరునుండి పత్రిక తెరచుకొనలేదు. లోపల మాత్రము చక్కగ తెరచుకొనెను, లోపలి పుస్తకము మాదే గనుక! ఆ కారణముచేతనే నాలుగు దినములు మా కంటబడలేదు. గడువు తీరినపిమ్మట కూడ చెల్లించుటకు కొంత వ్యవధి యిత్తురు గనుక పేరు దక్కెను. ఆ వ్యవధియు దాటియుండినచో ఎవరైనను కొనవచ్చును. మన పత్రిక అట్టమీది పేరు కొట్టిన పిల్లకు ఎవరి పుట తెరచుకొనెడిదో!

అప్పటినుండి పేరు బడి మెయిలుమీదికి మారినది. మాకు బదిలీ యైనను, మేము లేకపోయినను సాగవలెను గదా. ప్రధానోపాధ్యాయుల బీరువాలో ఒక నోటుపుస్తకము పెట్టితిమి. ఒక్కొక్క పుటలో ఎడమవైపున పేరు. నడుమ లోపలి సంఖ్య. కుడివైపున వెలుపలి సంఖ్య, అది లేనిచో 'వెలుపల లేదు' అను మాట. మొదటి పుటలో గడువు తేదీ, ఎఱ్ఱసిరాతో. నెలకొకమారు ఇద్దరు విద్యార్థులు, ఒకరు ప్రయోగశాలలో కూర్చుండి, మఱియొకరు గుమాస్తాగారి ఫోనులోని సిమ్ముతో వెలుపలి దారిని, ప్రతి పేరును కొట్టి చూచి వచ్చిన సంఖ్యను నోటుపుస్తకముతో సరిపోల్చుదురు.

ఈ యేడు ఆ పని తీసికొన్నవారిలో ఆ లెక్కల మార్కుల బాలిక యున్నది. ఇపుడు పదవ తరగతి. తానే వచ్చి అడిగినది. గడచిన సోమవారము ఆమె నోటుపుస్తకము మా బల్లమీద పెట్టి, "సార్, లైబ్రరీకి లోపలిది పాత నంబరే ఉంది, మీరు కొట్టేయలేదు" అని వేలుతో చూపినది. మేము కళ్ళద్దములు సవరించుకొని చూచితిమి. నిజమే. దిద్ది, ప్రక్కన తేదీ వేసి, ఆమెచే సంతకము చేయించితిమి.